పలక కన్నా ముందు ఆట



ఈ మాటలు మూడేళ్ళు నిండి, ఇంకా ఆరేళ్ళు రాని పిల్లల గురించి. పొయ్యి దగ్గర కాళ్ళకు అడ్డం పడే పిల్లలు. చేటలో బియ్యం కింద పోసే పిల్లలు. "అదేంటి? ఇదెందుకు?" అని వెంటపడి విసిగించే పిల్లలు. వాళ్ళ చదువు గురించి.

"పాపను అంగన్‌వాడీకి పంపిస్తున్నారా?" అని అడగండి. చాలా ఊళ్ళల్లో ఒకటే జవాబు వస్తుంది.

"పంపిస్తున్నాం గానీ, అక్కడ చదువేం చెప్తారమ్మా? పొద్దస్తమానం ఆటలేగా, పాటలేగా!"

వెంటనే ఇంకో మాట కూడా వస్తుంది.

"పక్కింటి పిల్ల కాన్వెంటుకు పోతోంది. అప్పుడే ఏ, బీ, సీ, డీ రాస్తోంది. మా వాడికి అ, ఆ కూడా రావు."

ఆ మాటతో తల్లి మనసు ఆగదు. కూలి డబ్బులు కూడబెడుతుంది. చాలకపోతే పొదుపు సంఘంలో అప్పు తీసుకుంటుంది. మూడేళ్ళ బిడ్డకు బూట్లు, టై, సంచి కొంటుంది. పొద్దున్నే వ్యాను ఎక్కిస్తుంది. బిడ్డ ఏడుస్తూ పోతుంది. ఏడుస్తూ వస్తుంది. "అలవాటు అవుతుందిలే" అని తల్లి కళ్ళు తుడుచుకుంటుంది.

బిడ్డ బాగుపడాలని ఆశపడటంలో తప్పు లేదు. ఆ ఆశ లేకపోతే మీరు మాత్రం ఈ వయసులో చదువు నేర్చుకునేవారా? అయితే డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. మూడేళ్ళ బిడ్డకు ఏది చదువు?

మీ వేళ్ళనే అడగండి

మీరు అక్షరాలు నేర్చుకున్న మొదటి రోజులు గుర్తు చేసుకోండి. పగలంతా పని చేసి, రాత్రి అన్నాలు పెట్టి, అప్పుడు వచ్చి కూర్చున్నారు. చేతికి బలపం ఇచ్చారు. నాట్లు వేసే చెయ్యి అది. కొడవలి పట్టే చెయ్యి అది. నీళ్ళ బిందె ఎత్తే చెయ్యి అది. కానీ ఇంతింత బలపం దగ్గర వణికింది. 'అ' రాయబోతే ఒక పక్కకు ఒరిగింది. గట్టిగా పడితే బలపం విరిగింది. వేళ్ళు నొప్పి పుట్టాయి. మెడ పట్టేసింది.

ఇన్నేళ్ళు పని చేసి గట్టిపడ్డ చేతికే అంత కష్టమయింది. మరి మూడేళ్ళ చేతి సంగతేంటి?

ఇప్పుడు మీ మణికట్టు పట్టుకుని చూడండి. అందులో ఎనిమిది చిన్న ఎముకలు ఉంటాయి. అవి సరిగ్గా ఉంటేనే చెయ్యి మనం చెప్పినట్టు తిరుగుతుంది. బిడ్డ పుట్టేనాటికి అవి ఇంకా ఎముకలు కావు. చెవి డిప్పలాగా మెత్తగా ఉంటాయి. ఒక్కొక్కటే మెల్లగా గట్టిపడుతుంది. మూడేళ్ళ పిల్లల్లో చాలామందికి మూడు నాలుగే గట్టిపడటం మొదలవుతుంది. చివరిది ఎనిమిదేళ్ళు దాటాకనే మొదలవుతుంది. కొందరికి పన్నెండేళ్ళ దాకా పడుతుంది.

అంత మెత్తటి చేతికి బలపం ఇచ్చి, "పేజీ నిండా రాయి" అంటే ఏమవుతుంది? చెయ్యి నొప్పి పుడుతుంది. గీత వంకర పోతుంది. దెబ్బ పడుతుంది. బిడ్డకు అక్షరం రాదు గానీ, అక్షరమంటే భయం వస్తుంది. చదువంటే ఒకసారి భయం పట్టుకుంటే అది ఎన్నాళ్ళు ఉంటుందో మీకు ఒకరు చెప్పనక్కర్లేదు.

మరి చెయ్యి ఎట్లా గట్టిపడుతుంది? బంకమట్టి పిసికితే గట్టిపడుతుంది. తడిగుడ్డ పిండితే గట్టిపడుతుంది. పాత కాగితం చింపితే, బఠాణీలు ఒలిస్తే, పూలు దారానికి గుచ్చితే, ఇసుకలో వేలితో గీస్తే గట్టిపడుతుంది. ఇవన్నీ ఆటలే. అంగన్‌వాడీ టీచరు పిల్లలతో మట్టి పిసికిస్తుంటే, ఆమె రాత నేర్పుతున్నట్టే లెక్క. మట్టిని పాములాగా దొర్లించి, రెండు కొసలు కలిపితే సున్నా అయింది. తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే, వంపులే. ముందు ఆ వంపు చేతికి రావాలి.

గింజల్లో లెక్క

చింతపిక్కలు, సీతాఫలం గింజలు, కుంకుడు గింజలు కలిపి ఒక చేటలో పొయ్యండి. "ఏవి ఆవి వేరు చెయ్యి" అని బిడ్డకు చెప్పండి. బిడ్డ ఒక్కో గింజను తీసి చూస్తుంది. ఇది నున్నగా ఉంది. అది గుండ్రంగా ఉంది. ఇది పెద్దది. అది చిన్నది. ఇట్లా చూసి వేరు చెయ్యడమే లెక్కలకు పునాది.

ఈ రాత్రి ఇంట్లో ఇంకో పని చేసి చూడండి. అయిదు చింతపిక్కలు ఒక వరస పెట్టండి. దాని కింద ఇంకో అయిదు, సరిగ్గా ఒకదాని కింద ఒకటి పెట్టండి. నాలుగేళ్ళ బిడ్డను "రెండూ సమానమేనా?" అని అడగండి. "సమానమే" అంటుంది. ఇప్పుడు కింది వరసలో పిక్కలను ఎడంగా జరపండి. "ఇప్పుడు ఏ వరసలో ఎక్కువ ఉన్నాయి?" అని అడగండి. చాలామంది పిల్లలు పొడుగ్గా ఉన్న వరసను చూపించి "ఇక్కడ ఎక్కువ" అంటారు!

బిడ్డ మొద్దు కాదు. ఆ వయసులో కంటికి పొడుగ్గా కనిపించేదే ఎక్కువ. స్విట్జర్లాండు దేశంలో జీన్ పియాజె అనే శాస్త్రవేత్త ఉండేవారు. పిల్లల దగ్గర కూర్చుని, వాళ్ళతో మాట్లాడి, ఇట్లాంటి విషయాలు ఎన్నో కనిపెట్టారు. మనం "కాదు, తప్పు" అని పదిసార్లు చెప్పినా బిడ్డకు ఇది ఎక్కదు. తన చేత్తో తనే దగ్గరికి జరిపి, దూరం జరిపి చూసుకోవాలి. అట్లా ఆడగా ఆడగా ఒకరోజు తనకే తెలుస్తుంది. "ఎడంగా ఉన్నా అయిదే" అని నవ్వుతుంది. ఆ రోజు బిడ్డకు అయిదు అంటే ఏమిటో వచ్చింది. అంతకుముందు ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పినా, అది ఉత్త పాటే.

ఒక జాగ్రత్త. గింజలు, రాళ్ళు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ముక్కులో దూర్చుకుంటారు. మూడేళ్ళ లోపు పిల్లలకు అవి ఇవ్వొద్దు. పెద్ద పిల్లలకు ఇచ్చినా దగ్గర కూర్చోండి. గురివింద గింజలు, ఆముదం గింజలు అసలే ఇవ్వొద్దు. అందంగా ఉంటాయి గానీ కొరికితే ప్రాణం మీదికి వస్తుంది.

చప్పట్లలో అక్షరం

టీచరు పాట పాడిస్తుంది. పిల్లలు చేతులు తిప్పుతారు, గెంతుతారు. చూసేవాళ్ళకు అది కాలక్షేపంలాగా ఉంటుంది. దాని వెనక ఒక సంగతి ఉంది.

"ఆట" అని పలుకుతూ చప్పట్లు కొట్టండి. ఆ-ట. రెండు చప్పట్లు. "పలక" అనండి. ప-ల-క. మూడు చప్పట్లు. ఇప్పుడు అవే మాటలు రాయండి. 'ఆట' రెండు అక్షరాలు. 'పలక' మూడు అక్షరాలు. తెలుగులో ఎన్ని చప్పట్లో అన్ని అక్షరాలు! మాటను ముక్కలుగా వినడం చెవికి వస్తే, ఆ ముక్కలను పలక మీద గుర్తు పట్టడం తేలిక. చెవికి రానిది కంటికి రాదు. మీరు కూడా కూడబలుక్కుని చదివినప్పుడు చేసిన పని అదే కదా!

బొగ్గు గీతలు

పిల్లలు గోడ మీద బొగ్గుతో గీస్తారు. మనకు కోపం వస్తుంది. పండక్కి సున్నం వేయించిన గోడ మరి!

కానీ ఆ గీతలు ఏం చెప్తున్నాయో చూడండి. రెండేళ్ళ పిల్ల ఇష్టం వచ్చినట్టు గీకుతుంది. మూడేళ్ళు వచ్చేసరికి గుండ్రం చుట్టడం వస్తుంది. నాలుగేళ్ళ పిల్ల "ఇది అమ్మ" అని చూపిస్తుంది. ఆ అమ్మకు తల ఉంటుంది. తల నుంచి కాళ్ళు వస్తాయి. పొట్ట ఉండదు! ఎన్నో దేశాల్లో ఆ వయసు పిల్లలు ఇట్లాగే గీస్తారు. కొన్నాళ్ళకు వాళ్ళే పొట్ట గీస్తారు, చేతులు గీస్తారు, చీర గీస్తారు.

అందుకని "ఇదేం బొమ్మ? ఇట్లాగా గీసేది?" అనొద్దు. చెయ్యి పట్టుకుని దిద్దొద్దు. "దీని కథేంటో చెప్పు" అని అడగండి. బిడ్డ ఎన్ని మాటలు చెప్తుందో మీరే చూస్తారు. గీతకు అర్థం ఉంటుందని బిడ్డకు తెలిసింది. అక్షరం అంటే కూడా అర్థం ఉన్న గీతే కదా!

రంగులు కొనక్కర్లేదు. పసుపు ఉంది. బొగ్గు ఉంది. ఎర్రమట్టి ఉంది. ఆకు పసరు ఉంది. గోడ బదులు పెరట్లో ఒక బండ చూపించండి. పొద్దున ముగ్గు వేసేటప్పుడు బిడ్డకు కూడా చిటికెడు పిండి ఇవ్వండి. చుక్కలు పెట్టి, ఎన్ని చుక్కలో లెక్కపెట్టి, చుక్క చుట్టూ గీత తిప్పే విద్య మీ చేతిలోనే ఉంది. ముగ్గు వేసే తల్లికి బొమ్మలు గీయడం రాదని ఎవరన్నారు?

గుజ్జనగూళ్ళు

ఆడపిల్లలు కొబ్బరి చిప్పల్లో మట్టి అన్నం వండుతారు. ఒకరు అమ్మ, ఒకరు అత్త, ఒకరు పాప. మగపిల్లలు తాటికాయల బండి తోలుతారు. ఒకడు బస్సు డ్రైవరు, ఒకడు కండక్టరు. "టికెట్ టికెట్" అని అరుస్తాడు. ఆకులే డబ్బులు.

ఇందులో ఏం చదువుంది? మాట ఉంది. అత్త ఎట్లా మాట్లాడుతుందో, కండక్టరు ఎట్లా మాట్లాడతాడో పిల్లలకు తెలియాలి. వంతు ఉంది. "ఇప్పుడు నువ్వు డ్రైవరువి, తర్వాత నేను" అని ఒప్పుకోవాలి. తగాదా వస్తే వాళ్ళే తీర్చుకోవాలి.

ఇంకొకటి కూడా ఉంది. ఒక్కోసారి ఆ మట్టి ఇంట్లోకి నాన్న తాగి వస్తాడు. అమ్మ ఏడుస్తుంది. పాప మూల దాక్కుంటుంది. మాటల్లో చెప్పలేని భయాన్ని బిడ్డ ఆటలో చెప్తుంది. మంచి టీచరు ఆ ఆటను చూస్తుంది. తల్లితో మెల్లగా మాట్లాడుతుంది. చేతులు కట్టుకుని కూర్చున్న తరగతిలో ఆ భయం ఎవరికీ కనపడదు.

"అమ్మా, ఎందుకే?"

మూడేళ్ళు దాటిన పిల్లలు ప్రశ్నల పుట్ట. "చీమలు వరసగా ఎందుకు పోతాయి?" అని అడిగారనుకోండి. పనిలో ఉన్న తల్లి "నోరు మూసుకో" అంటుంది. తప్పు పట్టలేం. పొయ్యి మీద ఎసరు పొంగుతుంటే చీమల సంగతి ఎవరికి కావాలి?

కానీ తీరిక దొరికినప్పుడు బిడ్డతో కలిసి ఆ చీమల దగ్గర కూర్చోండి. తడిగుడ్డతో చీమల దారిని అడ్డంగా ఒకచోట తుడవండి. వెనక వచ్చే చీమలు అక్కడికి రాగానే ఆగిపోతాయి. అటూ ఇటూ వెతుక్కుంటాయి. ఎందుకంటే ముందు పోయిన చీమ నేల మీద వాసన వదిలి పోతుంది. వెనక చీమలు ఆ వాసన పట్టుకుని నడుస్తాయి. తుడిస్తే వాసన పోయింది. దారి తప్పింది.

మీకు జవాబు తెలియకపోయినా ఫరవాలేదు. "నాకు తెలియదు, చూద్దాం పద" అంటే చాలు. తెలియకపోవడం సిగ్గు కాదని, చూస్తే తెలుస్తుందని బిడ్డ నేర్చుకుంటుంది. మీరు కూడా అట్లాగే కదా నేర్చుకున్నారు!

నీళ్ళ తొట్టిలో ఆకు వేస్తే తేలింది. రాయి వేస్తే మునిగింది. ఇనప గరిటె మునిగింది. పెద్ద స్టీలు గిన్నె మాత్రం పడవలాగా తేలింది! "ఎందుకబ్బా?" అని బిడ్డ తల గోక్కుంటుంది. ఆ తల గోక్కోవడమే చదువు.

అంగన్‌వాడీ అన్న పేరు ఎట్లా వచ్చింది?

ఆటతో చదువు అనేది నిన్న మొన్న పుట్టిన మాట కాదు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే ఆయన ఉండేవారు. 1885లో పుట్టారు. వకీలు పని చేసేవారు. 1913లో ఆయనకు కొడుకు పుట్టాడు. ఈ బిడ్డను ఎట్లా చదివించాలి అని ఆలోచనలో పడ్డారు. ఆ రోజుల్లో బడి అంటే బెత్తం, బట్టీ. ఇటలీ దేశపు డాక్టరమ్మ మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరంలో, పేదలుండే వాడలో చిన్నపిల్లల బడి పెట్టారు. చేత్తో తాకి, చేసి చూసి నేర్చుకునే పద్ధతి ఆమెది. గిజుభాయి ఆమె రాసింది చదివారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. అక్కడ కథలు, పాటలు, నాటకాలు, తోటపని. బెత్తం లేదు. ఆయనకు "మీసాల అమ్మ" అని పేరు వచ్చింది.

గిజుభాయితో కలిసి పనిచేసిన ఒక మహిళ తారాబాయి మోడక్. పట్నం పిల్లలకు సరే, పల్లెలో పేదపిల్లల సంగతేంటి అని ఆమె ఆలోచించారు. 1945లో మహారాష్ట్రలో సముద్రం ఒడ్డున ఉన్న బోర్డీ గ్రామంలో పని మొదలుపెట్టారు. అనుతాయి వాఘ్ ఆమెకు తోడుగా వచ్చారు. అనుతాయికి పదమూడేళ్ళకే పెళ్ళి చేశారు. కొద్ది నెలలకే భర్త పోయాడు. అయినా ఆమె చదువుకున్నారు. టీచరయ్యారు.

వాళ్ళు చక్కగా బాలవాడి పెట్టారు. కానీ పేదల వాడల నుంచి పిల్లలు సరిగా రాలేదు. అప్పుడు వాళ్ళు "మీ పిల్లలను పంపరేం?" అని తల్లులను తిట్టలేదు. పిల్లలు బడికి రాకపోతే బడే పిల్లల దగ్గరికి పోతుంది అనుకున్నారు. వాడలోకి పోయి, ఇళ్ళ ముంగిట్లోనే ఆటలు, పాటలు మొదలుపెట్టారు. 'ఆంగన్' అంటే ముంగిలి. ముంగిట్లో బడి కాబట్టి అంగన్‌వాడీ!

తర్వాత వాళ్ళు కోస్‌బాడ్ కొండ మీద వార్లీ గిరిజనుల పిల్లల మధ్య పనిచేశారు. గవ్వలు, గింజలు, ఆకులు, గులకరాళ్ళు - ఇవే బొమ్మలు. పశువులు కాసే పిల్లల కోసం పశువులు మేసే బీళ్ళలోనే బడి నడిపారు. తారాబాయికి 1962లో పద్మభూషణ్, అనుతాయికి 1985లో పద్మశ్రీ ఇచ్చి ప్రభుత్వం గౌరవించింది.

1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం ఐ.సి.డి.ఎస్. పథకం మొదలుపెట్టింది. మొదట దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులు. ఇప్పుడు ఊరూరా అంగన్‌వాడీ ఉంది. అన్నం, గుడ్డు, టీకాలు, తూకం అందరికీ తెలుసు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా ఆటపాటలతో చదువు చెప్పడం కూడా దాని పనే. ఈ మాటే చాలామందికి తెలియదు.

2009 విద్యాహక్కు చట్టంలో కూడా ఈ వయసు పిల్లలకు ఉచితంగా పూర్వ ప్రాథమిక విద్య అందేలా ప్రభుత్వం ఏర్పాటు చేయవచ్చని రాశారు. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో మాట చెప్పింది. మనిషి మెదడు ఎదుగుదలలో నూటికి 85 వంతుల పైన ఆరేళ్ళ లోపే అయిపోతుందట. అందుకే ఈ వయసులో ఆటతోనే నేర్పాలని అందులో ఉంది. 2023లో కేంద్ర విద్యాశాఖ 'జాదూయీ పిటారా' అని ఒక పెట్టె విడుదల చేసింది. అంటే మాయపెట్టె. అందులో బొమ్మలు, ఆటలు, కథలు, బొమ్మల కార్డులు ఉన్నాయి.

ఆట అంటే వదిలెయ్యడం కాదు

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. అన్ని కేంద్రాలూ ఒక్కలాగా ఉండవు. కొన్నిచోట్ల పిల్లలను గోడ వెంబడి కూర్చోబెడతారు. అన్నం పెడతారు. ఇంటికి పంపుతారు. బొమ్మలు ఉంటే బీరువాలో ఉంటాయి. "పగులుతాయి" అని తాళం వేస్తారు. అట్లాంటి చోట తల్లి "చదువు లేదు" అంటే నిజమే. అక్కడ చదువూ లేదు, ఆటా లేదు.

దానికి మందు బిడ్డను మాన్పించడం కాదు. తల్లులు నలుగురు కలిసి పోయి చూడటం. కొన్ని సంగతులు చూడండి.

పిల్లలు మాట్లాడుతున్నారా? లేక చేతులు కట్టుకుని ఉన్నారా?

బొమ్మలు పిల్లల చేతికి అందే చోట ఉన్నాయా?

రోజూ కథ, పాట ఉన్నాయా? ఆరుబయట ఆడిస్తున్నారా?

పిల్లలు చేసిన బొమ్మలు గోడ మీద ఉన్నాయా?

ఆడపిల్లకూ మగపిల్లవాడికీ ఒకే ఆట దొరుకుతోందా? అన్ని కులాల పిల్లలూ కలిసి కూర్చుని తింటున్నారా?

లేకపోతే టీచరును అడగండి. తగవు పెట్టుకోవద్దు. ఆమెకు రాసే రిజిస్టర్లు, ఫోనులో ఎక్కించే లెక్కలు చాలా ఉంటాయి. "బొమ్మలు లేవమ్మా" అంటే మీరే సాయం చెయ్యండి. జొన్న బెండ్లతో బండి, కళ్ళజోడు చేసే తాత ఊళ్ళో ఉండే ఉంటాడు. తాటాకు బొమ్మలు అల్లే అవ్వ ఉంటుంది. గుడ్డ బొమ్మ కుట్టే అక్క ఉంటుంది. నెలకు ఒకసారి వాళ్ళను కేంద్రానికి పిలవండి. ఒక తట్ట బంకమట్టి చెరువు నుంచి తెచ్చి ఇవ్వండి. ఎంత ఖర్చు? ఏమీ లేదు.

ఇంకో లాభం కూడా ఉంది. చంటివాణ్ణి ఎత్తుకోవడం కోసం పెద్దపిల్లను బడి మాన్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తమ్ముడు మూడేళ్ళకు అంగన్‌వాడీలో ఆడుకుంటే, అక్క బడిలో చదువుకుంటుంది. ఒక్క ఆటతో ఇద్దరి చదువు నిలుస్తుంది.

మరి పలక ఎప్పుడు?

పలక వద్దని ఎవరూ అనరు. అయిదేళ్ళు దాటేసరికి చాలామంది పిల్లలకు చెయ్యి కుదురుతుంది. తన పేరు ఎట్లా ఉంటుందో చూడాలని తనకే కోరిక పుడుతుంది. గోడ మీద రాతలు చూసి "అదేంటి?" అని అడుగుతుంది. అప్పుడు పలక ఇవ్వండి. ముందు ఇసుకలో వేలితో, తర్వాత నేల మీద సుద్దముక్కతో, ఆ తర్వాత పలక మీద. ఆకలేసిన బిడ్డకు అన్నం పెట్టినట్టు ఉంటుంది. ఆకలి లేనప్పుడు కుక్కితే కక్కుతుంది.

ఫోను మాట కూడా ఒకటి. "ఫోనులో కూడా అ, ఆ వస్తాయి కదా, ఇచ్చేస్తే సరి" అంటారు కొందరు. ఫోను మట్టిలాగా చేతికి అంటదు. గింజలాగా వేళ్ళకు పని చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఏం చెప్పిందంటే, రెండేళ్ళ లోపు పిల్లలకు అసలు చూపించొద్దు. రెండు నుంచి నాలుగేళ్ళ పిల్లలకు రోజుకు గంట దాటొద్దు. అంతకన్నా తక్కువయితే ఇంకా మంచిది.

ఇంటి దగ్గర ఏం చెయ్యాలి?

పెద్ద పనులేమీ లేవు. కూర తరిగేటప్పుడు బీరకాయలు ఎన్నో లెక్కపెట్టించండి. బట్టలు మడిచేటప్పుడు నాన్నవి, అన్నవి వేరు చెయ్యమనండి. పొలం దారిలో పిట్టల పేర్లు చెప్పండి. పడుకునేటప్పుడు మీ అమ్మమ్మ చెప్పిన కథ చెప్పండి. మధ్యలో ఆగి, "తర్వాత ఏమయి ఉంటుంది?" అని అడగండి. బిడ్డ అంగన్‌వాడీ నుంచి రాగానే "ఏం రాశావు?" అని అడగకండి. "ఏం ఆడావు?" అని అడగండి. జవాబు ఓపిగ్గా వినండి.

చివరగా ఒక్క సంగతి. ఈ పుస్తకం మీ చేతిలో ఉంది. నెమ్మదిగానే కావచ్చు, వేలు పెట్టి చదువుతున్నారు. అట్లా చదువుతున్నప్పుడు బిడ్డ వచ్చి ఒళ్ళో కూర్చుంటే "పో, పోయి ఆడుకో" అనొద్దు. కూర్చోనివ్వండి. గట్టిగా చదవండి. మీ వేలు అక్షరం మీద జరుగుతుంటే, మీ నోట్లోంచి మాట వస్తుంటే, బిడ్డ చూస్తుంది. ఈ నల్లటి గీతలు మాట్లాడతాయని బిడ్డకు తెలుస్తుంది. ఆ సంగతి తెలిసిన బిడ్డ రేపు పలక తనే అడుగుతుంది.